తెర వచ్చింది సరే... అవ్వ మాట ఎప్పుడొస్తుంది?

సరిహద్దు బడుల్లో ప్రాజెక్టు చదువు అట్టముక్కలకే పరిమితం

ఆదివారం సాయంత్రం ఏ చిన్న పట్నంలోనైనా ఫ్యాన్సీ స్టోరు పక్కనుండే బుక్‌స్టాల్ ముందు పది నిమిషాలు నిలబడితే చాలు, మన బడుల్లో ప్రాజెక్టు పని అంటే ఏమిటో అర్థమైపోతుంది. "అన్నా, సౌరకుటుంబం చార్టు ఉందా? రేపు ప్రాజెక్టు ఇయ్యాల" అంటాడొక పిల్లవాడు. వాడి వెనకే థర్మకోల్ షీటు, ఫెవికాల్ డబ్బా, స్కెచ్ పెన్నుల పాకెట్టు పట్టుకుని వాళ్ల నాన్న. ఇంటికి పోయాక బొమ్మలు అతికించేది అమ్మ, అక్షరాలు రాసేది అక్క. సోమవారం పొద్దున సారు బల్లమీద అది చేరుతుంది. మార్కులు పడతాయి. సంవత్సరాంతంలో ఆ అట్టలన్నీ పాత సామాన్లవాడికి పోతాయి.

ఈ కథ ఒక్క రాష్ట్రానిది కాదు. ఆంధ్ర, తెలంగాణల్లో 2012 ప్రాంతం నుంచి వచ్చిన పాఠ్యపుస్తకాల్లో పాఠం చివర 'ప్రాజెక్టు పని' అని ఒక శీర్షిక పెట్టారు. ఉద్దేశం మంచిదే. ఊళ్లోకి వెళ్లి అడిగి తెలుసుకో, కొలిచి చూడు, రాసి తరగతిలో చెప్పు అన్నారు. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో దానికి మార్కులు కూడా పెట్టారు. మార్కులు పెట్టిన మరునాటి నుంచి ఇంటర్నెట్ సెంటర్లు ఆ పని అందుకున్నాయి. సరిహద్దుకు ఇవతలున్న కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రల్లో పేర్లు వేరు, పుస్తకాలు వేరు, తంతు మాత్రం ఇదే.

ఇప్పుడు ఈ తంతుకు తెర తోడైంది. తమిళనాడు ప్రభుత్వం 2024లో 22,931 స్మార్ట్ తరగతి గదుల పథకాన్ని ప్రాథమిక బడుల కోసమే ప్రకటించింది. ప్రాథమిక ఉపాధ్యాయులకు ట్యాబ్‌లు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. కేంద్రం 2017 సెప్టెంబరు 5న మొదలుపెట్టిన దీక్ష వేదిక దాదాపు అన్ని రాష్ట్రాలకూ పాకింది. పాఠ్యపుస్తకం పేజీలో నల్లచుక్కల చదరం కనబడితే సెల్‌ఫోన్‌తో స్కాన్ చేయడం ఒకటో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. పరికరాలు వద్దనేవాళ్లు ఎవరూ లేరు. కానీ సరిహద్దు తెలుగు పిల్లవాడి విషయంలో అడగాల్సిన మొదటి ప్రశ్న వేరే ఉంది. ఆ తెర వెలిగితే ఏ భాషలో పలుకుతుంది? అది పలికినదాంట్లో వాడి ఊరు ఉంటుందా?

నిచ్చెన మొదట వేసింది తెలుగులోనే

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పక్క రాష్ట్రాలు గొప్పగా చెప్పుకున్న కృత్యాధార బోధనకు బీజం పడింది తెలుగు పల్లెల్లో. మదనపల్లె దగ్గర, నాటి చిత్తూరు జిల్లాలోని రిషివ్యాలీలో 1980ల్లో పద్మనాభరావు, రమ చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం చిన్న బడులు నడిపించారు. ఒకే గది, ఒకే పంతులు, అయిదు తరగతుల పిల్లలు. అందరికీ ఒకే పాఠం చెప్పడం కుదరదు. అందుకని పాఠాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టారు. ప్రతి కార్డుకూ ఒక గుర్తు. గోడమీద నిచ్చెన బొమ్మ. పిల్లవాడు తన మెట్టు ఎక్కడుందో చూసుకుని, తన కార్డు తానే తీసుకుని, చేసుకుపోతాడు. రాకపోతే మళ్లీ చేస్తాడు. పంతులు నల్లబల్ల దగ్గర నిలబడడు, పిల్లల మధ్య చాపమీద కూచుంటాడు. ఆ కార్డుల్లోకి ఎక్కడివో పాఠాలు రాలేదు. అక్కడి పల్లెల కథలు, పాటలు, ఆటలు తెలుగులోనే వచ్చాయి. ఆ బడులు జరిపిన మెట్రిక్ మేళాల్లో పిల్లలు తక్కెడలు, టేపులు పెట్టుకుని ఊరివాళ్ల బరువులు, ఎత్తులు కొలిచేవారు. పెద్దలకు పిల్లలు లెక్కలు చెప్పిన సంత అది.

1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె తాలూకా ఉపాధ్యాయులు అక్కడికి వెళ్లి చూసొచ్చి తమ బడుల్లో మొదలుపెట్టినదే 'నలి-కలి'. 2009-10 నుంచి దాన్ని రాష్ట్రంలోని కన్నడ మాధ్యమ ప్రభుత్వ ప్రాథమిక బడులకు విస్తరించారు. చెన్నై కార్పొరేషన్ 2003లో 13 బడుల్లో ప్రయోగంగా మొదలుపెట్టింది. 2007 నాటికి తమిళనాడు అంతటా అదే పద్ధతి. 2022లో తిరువళ్లూరు జిల్లాలో ప్రారంభించిన 'ఎణ్ణుం ఎళుత్తుం' కూడా ఆటపాటలతో, స్థాయిని బట్టి గుంపులు చేసి చదువు చెప్పే దారిలోనే నడిచింది.

అంటే మదనపల్లె పల్లెల్లో తెలుగు కార్డులతో పుట్టిన పద్ధతి కన్నడం నేర్చుకుంది, తమిళం నేర్చుకుంది. హోసూరు, వేపనపల్లి, తిరుత్తణి, పావగడ పిల్లలకు తిరిగి చేరేసరికి దానికి తెలుగు మరుపొచ్చింది. దీన్ని ఎవరిమీదో నేరంగా మోపాల్సిన పనిలేదు. ఏ రాష్ట్రమైనా ముందు తన భాషలోనే సామగ్రి తయారుచేసుకుంటుంది. ఇవతలి తెలుగు బడుల సంగతి అవతలి తెలుగు ప్రభుత్వాలకు పట్టలేదు, ఆ లోటు ఎవరి లెక్కలోకీ రాలేదు. అంతే.

చట్టంలో పక్కపక్కనే

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌ని ఒకసారి తెరిచి చూడాలి. పాఠ్యప్రణాళిక ఎలా ఉండాలో చెబుతూ, కృత్యాలు, అన్వేషణ, పరిశోధన ద్వారా పిల్లలు నేర్చుకోవాలని ఒక క్లాజు అంటుంది. దాని తరువాతి క్లాజే, సాధ్యమైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు వాక్యాలు ఇవి. రాజ్యాంగం 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించి చెప్పింది 1956లోనే. కానీ ఆఫీసుల్లోకి వచ్చేసరికి మొదటి వాక్యం శిక్షణ విభాగానికి, రెండోది మైనారిటీ భాషల ఫైలుకు పోయింది. ఆ రెండు బల్లలవాళ్లు కలిసి కాఫీ తాగిన దాఖలా ఎక్కడా కనబడదు!

ఈ విడదీత వల్ల సరిహద్దు తెలుగు ఉద్యమాలకూ నష్టమే జరిగింది. పోరాటమంతా తెలుగు మాధ్యమం ఉండాలా, తెలుగు ఒక సబ్జెక్టుగానైనా ఉండాలా, పరీక్ష తెలుగులో రాయనిస్తారా అన్న దగ్గరే తిరిగింది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత ఆ ఆందోళనలో న్యాయం లేకపోలేదు. కోర్టులు, వినతిపత్రాలు, ధర్నాలు అవసరమే. అయితే తెలుగు మాధ్యమం ఉన్న బడిలో కూడా పాఠం బట్టీపట్టిస్తే పిల్లవాడికి మిగిలేదేమిటి? తెలుగు మాధ్యమం అసలే లేని పావగడలాంటి చోట బడిలో తెలుగు వినబడే దారే లేదా?

ఉంది. ఆ దారి ప్రాజెక్టు పనిలోనే ఉంది. దానికి జీవో అక్కర్లేదు.

సోలార్ పలకల కింద లెక్కలు

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలో ఉన్నా దాదాపు చుట్టూ ఆంధ్ర నేలే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కరువుకు పేరుపడ్డ ఈ తాలూకాలో తిరుమణి చుట్టుపక్కల అయిదు ఊళ్ల పరిధిలో సుమారు 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. 2018లో ప్రారంభమైంది. సామర్థ్యం 2,050 మెగావాట్లు. రైతుల దగ్గర భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు అని ఒప్పందం.

ఏడో తరగతి పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఎక్కడ దొరుకుతుంది? మూడెకరాలు ఇచ్చిన ఇంటికి మొదటి ఏడాది 63 వేలు. రెండేళ్ల తరువాత 66,150. మరో రెండేళ్లకు 69,457 రూపాయల 50 పైసలు. శాతాల లెక్క పుస్తకంలో వడ్డీ వ్యాపారి రాము దగ్గర కాదు, తన ఇంటి పాసుపుస్తకం దగ్గర మొదలవుతుంది. అదే చేలో శెనక్కాయ పెడితే విత్తనానికెంత, కూలికెంత, వాన కురిసిన ఏడు ఎన్ని మూటలు, కురవని ఏడు ఎన్ని అని తాతను అడగాలి. ఆ ప్రశ్న కన్నడంలో అడిగితే తాత నవ్వుతాడు. తెలుగులోనే అడగాలి.

"అవ్వా, మన చేను కంపెనీకి ఎందుకిచ్చినారు?"

"వానల్లేక ఇస్తిమి నాయనా. ఇచ్చినోళ్లకు దుడ్లొస్తాయి. చేను లేనోళ్ల పరిస్థితి అడుగుపో, ఆ నర్సమ్మను."

ఇలాంటి సంభాషణ ఒక్కటి సారు సెల్‌ఫోన్‌లో రికార్డయితే చాలు. కౌలు భూమి ఉన్నవాడికి వస్తుంది, దాంట్లో కూలి చేసుకున్నవాడికి రాదు అన్న సంగతి ఏ పాఠ్యపుస్తకమూ ఏడో తరగతి పిల్లకు చెప్పదు. నర్సమ్మలాంటి మనిషి చెబుతుంది. పిల్లలు ఆ మాటలు తరగతిలో వినిపించుకుని, కన్నడంలో రాసి, పటం గీసి, లెక్క వేసి గోడకు పెడతారు. వానకు కన్నడంలో మళె, చెరువుకు కెరె, మెట్టచేనుకు హొల అని రెండు వరుసల పట్టిక దానంతటదే తయారవుతుంది. రాష్ట్రభాష దెబ్బతినదు, తెలుగు బడి బయట నిలబడాల్సిన గతీ పట్టదు. ఒక భాషలో విని మరో భాషలో రాయడం సరిహద్దు పిల్లలకు మాత్రమే పుట్టుకతో ఉన్న విద్య. బడి దాన్ని ఇన్నాళ్లూ లోపంగానే చూసింది.

హోసూరు వైపు పిల్లలకు గులాబి తోటలున్నాయి, కోలారు వైపు టమాటా మార్కెట్టుంది, బరంపురం బజారులో పట్టు నేత ఉంది, సిరొంచలో ప్రాణహిత, గోదావరి కలిసే రేవు ఉంది. యానాం పిల్లలకు గౌతమి గోదావరి వరద మట్టాలే ఒక ఏడాది పాఠం. షోలాపురంలో మరమగ్గాల మధ్య పెరిగే పద్మశాలి పిల్లలకు దుప్పటి కొలతలు ఇంట్లోనే ఉన్నాయి. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క ప్రాజెక్టు. బుక్‌స్టాల్‌లో దొరకని ప్రాజెక్టులివి.

తెర ఏం చేయగలదు, ఏం చేయలేదు

సాంకేతికత గురించి ఉపాధ్యాయుల్లో రెండు తెగలున్నాయి. తెర పెడితే చాలు చదువొచ్చేస్తుందనేవాళ్లు ఒకరు, సెల్లు ముట్టుకుంటే పిల్లలు చెడిపోతారనేవాళ్లు ఇంకొకరు. ఇద్దరికీ పాత అనుభవం చెప్పే జవాబు ఒకటుంది. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ 2000 దశకంలో తెలుగుతో సహా అనేక భాషల్లో పాఠాల సీడీలు చేసి వేల బడులకు అందించింది. తీరా అనుభవంమీద తేలిందేమంటే, మంచి పంతులున్న చోట కంప్యూటర్ సాయపడింది, లేనిచోట పంతులుకు బదులు కాలేకపోయింది. ఆ సంస్థ సారథి అనురాగ్ బెహర్ 2010లో పత్రికలో రాసిన వ్యాసం సారాంశం కూడా దాదాపు ఇదే. అంత ఖర్చుపెట్టిన సంస్థ తన పరిమితిని తానే ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ప్రభుత్వాలకు ఈ అలవాటు లేదు.

మరోవైపు వడోదర మునిసిపల్ బడుల్లో 2002-04 మధ్య నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు కంప్యూటర్‌మీద ఆడించారు. ఇద్దరిద్దరికి ఒక కంప్యూటర్. లెక్కల్లో పిల్లలు బాగానే ముందుకెళ్లారు. ఏడాది తరువాత చూస్తే ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. కాబట్టి తెర పనికిరాదనడం తప్పు, తెరతోనే పని అయిపోతుందనడం ఇంకా తప్పు.

సరిహద్దు బడికి అసలు ఉపయోగపడే సాంకేతికత ఖరీదైనది కాదు. సారు జేబులో ఉన్న ఫోనులో వాయిస్ రికార్డరు, కెమెరా, తెలుగు కీబోర్డు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో పెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు, కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ కథల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. అదే బొమ్మలతో ఒక కథను రెండు భాషల్లో పక్కపక్కన పెట్టి చదివించవచ్చు. పిల్లలు తామే అనువాదం చేసి పెట్టవచ్చు కూడా. కరోనా కాలంలో 2020 జూన్‌లో దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యావారధి' పాఠాలు మొదలైతే డిష్ ఉన్న ప్రతి ఇంట్లో అవి వచ్చాయి. అది హోసూరా, హిందూపురమా అని సిగ్నల్ అడగలేదు. జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రికలో ఖాళీ సీసాలతో, స్ట్రాలతో చేసే ప్రయోగాలు ఎప్పటినుంచో వస్తున్నాయి. సామగ్రి లేదనడానికి వీల్లేదు. అది ఇవతలి పంతులు చేతికి చేరడం లేదు, ఎలా వాడాలో చూపించేవాళ్లు లేరు.

ట్యాబ్‌ల సంగతీ చెప్పుకోవాలి. పగిలితే జీతంలో కోత పడుతుందన్న భయంతో చాలాచోట్ల అవి హెడ్మాస్టరు బీరువాలో భద్రంగా ఉంటాయి. బయటికి తీసినప్పుడు హాజరు వేయడానికి, ఫొటోలు అప్‌లోడ్ చేయడానికే సరిపోతుంది. పిల్లలు చెరువుగట్టు కొలుస్తుండగా సారు ఫొటో యాప్‌లో ఎక్కలేదని అటూ ఇటూ తిరిగితే, ఆ రోజు ప్రాజెక్టు పిల్లలు చేసినట్టా, యాప్ చేసినట్టా?

పంతులు భయం, అమ్మానాన్నల భయం

ప్రాజెక్టు చదువు అంటే ఉపాధ్యాయులు వెనకాడటంలో వింత లేదు. సిలబస్ పూర్తికాదేమో, తనిఖీకి వచ్చినవారు తరగతి గోలగా ఉందంటారేమో, చెరువు దగ్గర పిల్ల జారిపడితే ఎవరు జవాబుదారీ? ఈ ప్రశ్నలన్నీ న్యాయమైనవే. సరిహద్దు తెలుగు బడుల్లో మరో ఇబ్బంది ఉంది. ఇద్దరు టీచర్లతో అయిదు తరగతులు నడిచేచోట, ఆ ఇద్దర్లో తెలుగు వచ్చినవారు ఒకరే అయినచోట, కొత్త పద్ధతి అంటే అదనపు మోతగానే తోస్తుంది. శిక్షణ రాష్ట్రభాషలో జరుగుతుంది. ఇచ్చిన పుస్తకం రాష్ట్రభాషలో ఉంటుంది. రాత్రి కూచుని దాన్ని తెలుగులోకి రాసుకునే పని మేడమ్‌దే. ఆ పనికి టీఏ లేదు, డీఏ లేదు, సర్వీసు రిజిస్టరులో ఒక ముక్క లేదు.

ఇక తల్లిదండ్రులు. "చెట్లు చూపించడానికా బడికి పంపింది? అది మాకు తెల్వదా?" అన్న మాట ఏ ఊళ్లోనైనా వినబడుతుంది. ప్రైవేటు బడి బస్సు వీధిలోకి వచ్చాక ఆ మాటకు బలం పెరిగింది. దీనికి ఉపన్యాసాలతో జవాబు చెప్పలేం. పిల్ల ఇంటికొచ్చి కౌలు లెక్కలో తప్పు పట్టుకున్న రోజున ఆ ఇంట్లో మాట మారుతుంది. అందాకా పంతులు ఓపిక పట్టాలి, అధికారులు పంతులును ఒంటరిగా వదలకూడదు.

ప్రాజెక్టు పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో కిల్‌పాట్రిక్ దాని గురించి వ్యాసం రాసింది 1918లో. గాంధీజీ వార్ధాలో చేతిపనితో చదువు అన్నది 1937లో. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు సంచీ లేకుండా బడికి రమ్మంది. వందేళ్లుగా చెబుతున్నా జరగకపోవడానికి కారణం పద్ధతి తెలియక కాదు. ప్రాజెక్టును కూడా మార్కుల పట్టికలో ఒక గడిగా మార్చేయడం వల్ల. పది రోజుల సంచీలేని పండగలో సరిహద్దు బడులు కనీసం మూడు రోజులు ఇంటిభాషకు కేటాయించుకోవచ్చు. అడ్డు చెప్పే నిబంధన ఏదీ లేదు.

అడగాల్సింది ఎవరిని?

తమిళనాడునో కర్ణాటకనో అడిగితే వాళ్లు తమ రాష్ట్ర పరిధిలో ఇవ్వగలిగింది ఇస్తారు, లేదా ఇవ్వరు. మహారాష్ట్రలో బాలభారతి పాఠ్యపుస్తకాలు వేసే భాషల్లో తెలుగు కూడా ఉంది. అది మెచ్చుకోదగ్గదే. కానీ తెలుగు ఉపాధ్యాయ శిక్షణ, తెలుగు కార్డులు, తెలుగు వీడియోలు గుట్టలుగా ఉన్నది అమరావతి, హైదరాబాదుల్లో. ప్రపంచ తెలుగు మహాసభల్లో శాలువాలు కప్పేటప్పుడు గుర్తొచ్చే సరిహద్దు తెలుగువాళ్లు, డైట్ శిక్షణ క్యాలెండరు తయారుచేసేటప్పుడు ఎందుకు గుర్తుకురారు?

చిత్తూరు జిల్లా డైట్ కార్వేటినగరంలో ఉంది. 1960 ఏప్రిల్ 1న తమిళనాడుకు వెళ్లిన తిరుత్తణి నుంచి అక్కడికి పొద్దున బయలుదేరి, శిక్షణ ముగించుకుని సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. పాత అనంతపురం జిల్లా డైట్ బుక్కపట్నంలో ఉంది, పావగడ టీచర్లకు అది అందనంత దూరం కాదు. శ్రీకాకుళం జిల్లా వమరవల్లి డైట్‌కు పర్లాకిమిడి, బరంపురం తెలుగు ఉపాధ్యాయులు రావచ్చు. ఏటా ప్రతి డైట్‌లో జరిగే శిక్షణలో పదేసి కుర్చీలు ఇవతలివారికి వేయడానికి కొత్త భవనం కట్టనక్కర్లేదు, బడ్జెట్ ప్రసంగంలో ప్రకటించనక్కర్లేదు. రెండు రాష్ట్రాల విద్యాశాఖ కమిషనర్ల మధ్య ఒక ఉత్తరం, వచ్చిన టీచరుకు ఆన్‌డ్యూటీ సర్టిఫికెట్టు చాలు. తిరిగి వెళ్లేటప్పుడు ఒక పెన్‌డ్రైవ్‌లో తెలుగు సామగ్రి వేసివ్వాలి. ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్లకు అదే దీక్ష, అదే టీశాట్.

వేసవి శిక్షణల జాబితా సాధారణంగా మార్చి, ఏప్రిల్‌లోనే తయారవుతుంది. హోసూరు, పావగడ, బరంపురం తెలుగు సంఘాలు ఈసారి వినతిపత్రం కలెక్టరు ఆఫీసుకు ఇచ్చేటప్పుడు రెండో ప్రతి కార్వేటినగరానికీ, బుక్కపట్నానికీ, వమరవల్లికీ కూడా పంపాలి. దాంట్లో భాషాభిమానం గురించి ఒక పేరా తగ్గించుకున్నా పరవాలేదు, టీచర్ల పేర్లు, బడి పేర్లు, వారికి ఏ తేదీలు వీలవుతాయో మాత్రం రాయాలి.